రెండు డిగ్రీల ఒప్పందం

7 ఏప్రిల్ 2025
టౌరంగా దగ్గరి మా కొండ నుంచి

అన్నా,

వదిన తీర్పు తలదాల్చి ఉత్తరం రాస్తున్నాను. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికి గొంతులు లేస్తాయి కదా. ఉగాది నాడు మీ ఇంట్లో పచ్చడి గిన్నెలు ముందు పెట్టుకుని మనం చేసిన రభసకి ఆమె ఒక్కటే మాట అన్నది. "మీ పంచాయితీ నాతోని కాదు. ఇగ ఏమున్నా ఉత్తరాలు రాసుకోండ్రి. రాసి, కవరంటించి, డబ్బాల ఏసేటాలకు సగం కోపం దిగుతది." యాభై ఎనిమిదేళ్ళ నీకూ నలభై ఏడేళ్ళ నాకూ ఇదేం శిక్ష అనుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, సరదాగానే ఉంది. ఆసుపత్రిలో నర్సులమంతా ట్యాబ్‌లోనే కొడతాం. పెన్ను పట్టుకుని ఎన్నేళ్ళయిందో, వేలు అప్పుడే నొప్పి పెడుతోంది.

రేపు నువ్వు మాట మార్చకుండా మన ఒప్పందం కాగితం మీద పెడుతున్నాను. పాపటోయిటోయిలో మీ ఇంటి వెనక నువ్వు నాలుగేళ్ళుగా విత్తనం నుంచి పెంచిన కరివేపాకు మొక్కలు రెండు వందల పన్నెండు ఉన్నాయి. అవి నాకు కావాలి. డ్యూటీ వారానికి మూడు రోజులకు తగ్గించుకుని ఈ ఐదెకరాలు కొన్నది వాటి కోసమే. నీ షరతు ఏమిటంటే, ఈ దేశంలో జూన్ నుంచి వచ్చే చలికాలం పోయే ఆగస్టు ముప్పై ఒకటి దాకా నా నేల మీద వేడి ఒక్కసారి కూడా రెండు డిగ్రీల కిందికి దిగకూడదు. దిగితే మొక్కలన్నీ ఆల్బనీలో ఉండే విద్యాసాగర్ గారికి పోతాయి. ఆయనకి హీటర్లు పెట్టిన గ్లాస్‌హౌస్ ఉంది, నాకు ఆకాశమే కప్పు. కరివేపాకు మంచుకి నల్లబడిపోతుందని నాకూ తెలుసు కాబట్టి ఒప్పుకున్నాను. కానీ కొలిచేది నా పరికరంతో, నా నేల మీద.

ఇక అసలు సంగతి. వెదర్ స్టేషన్ కొంటున్నాను. వారం రోజులుగా డ్యూటీ నుంచి రాగానే ఇదే పని. ఒకదానికి గాలి పంకా, వాన గిన్నె, థర్మామీటర్ అన్నీ ఒకే తల మీద ఉంటాయి, పెట్టె విప్పి కర్రకి బిగిస్తే సరి. ఇంకోదానికి గాలి పంకా విడిగా ఇంటి కప్పు మీద పెట్టుకోవచ్చు, వాన గిన్నే థర్మామీటరూ ఒక కర్ర మీద ఉంటాయి, తర్వాత కావాలంటే వేరే సెన్సార్లు కలుపుకోవచ్చు. మూడోది పెద్ద కివీ తోటల వాళ్ళు వాడేది, దానికి నాలాంటి మనిషి జీతం చాలదు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తుంటే పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారికి ఉన్నంత హుషారు వస్తోంది నాకు. నీ మాట ఏమిటో రాయి. వద్దన్నా రాస్తావని తెలుసు.

వదినకి నమస్కారాలు చెప్పు, ఆమె నిమ్మకాయ పచ్చడి సీసా అడుగంటిందని కూడా చెప్పు.

నీ చెల్లె
నిరుపమ


14 ఏప్రిల్ 2025
పాపటోయిటోయి

చెల్లె నిరుపమకు,

వయసులో పెద్దవాడు, అనుభవంలో ఇంకా పెద్దవాడు అయిన అన్న రాస్తున్నాడు, కాస్త నెమ్మదిగా చదువు.

నువ్వు మరిచిపోయి ఉంటావు, ఈ దేశానికి రాకముందు నేను ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ఆరేళ్ళు చేశాను. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి గాజు గొట్టం కంటికి సూటిగా పెట్టుకుని వాన కొలిచేవాణ్ని. జ్వరమొచ్చినా తప్పలేదు. వానంటే ఏమిటో, కొలతంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి మొదటిది కొనకు. గాలికి ఎత్తు కావాలి, వానకి నేల దగ్గరితనం కావాలి, రెంటినీ ఒకే తల మీద పెడితే రెండూ తప్పే చెబుతాయి. రెండోది కొను. కిరాణా కొట్లో నాకు సాయంగా ఉన్న లోకేశ్‌తో దాని మీద నలభై రివ్యూలు చదివించాను. బియ్యం కొనడానికి వచ్చిన వాళ్ళు కూడా నిలబడి విన్నారు. ఒకావిడ తనకీ ఒకటి కావాలంది, ఆవిడ ఉండేది మూడో అంతస్తు ఫ్లాట్‌లో.

ముఖ్యమైన విషయం. దాన్ని ఇంటర్నెట్‌కి కలిపి నా ఫోన్లో కనపడేట్టు చెయ్యి. ఒప్పందానికి రెండో పక్షం నేను కాబట్టి రీడింగు నేనూ చూడాలి.

ఇంకో ముఖ్యమైన విషయం. వాన గిన్నె అంటే నీళ్ళ పాత్ర. నీళ్ళు ఈశాన్యంలోనే ఉండాలి. నీ నేలకి ఈశాన్యం మూల పల్లం, వాగు కూడా ఆ మూలనే. ఆ ఒక్క లక్షణం ఉందనే నువ్వు ఈ నేల కొన్నప్పుడు నేను ఎక్కువ మాట్లాడలేదు. కర్ర ఆ మూలనే పాతు. ఇంకెక్కడ పెట్టినా నేను ఒప్పుకోను.

పచ్చడి సీసా లోకేశ్ వస్తే పంపుతాను. సీసా తిరిగి పంపడం నీకు అలవాటు లేదని మీ వదిన గుర్తు చేయమంది.

ఆశీస్సులతో
మధుసూదన్


24 మే 2025

అన్నా,

వచ్చింది, పాతాను, పనిచేస్తోంది. ఈ మూడు ముక్కలు పెద్ద అక్షరాలతో రాసి కాగితమంతా నింపేద్దామనిపించింది.

పెట్టె గురువారం వచ్చింది. గాలి పంకా కప్పు మీద బిగించడానికి నిచ్చెన ఎక్కాను. ఒక్కదాన్నే ఎక్కానని కోప్పడకు, కింద నోలీన్ పట్టుకుంది. పక్క పాడక్‌లో, ఆ కంచె వేసిన గడ్డి పొలంలో, దూడలు మేపే ఆవిడ గురించి చెప్పాను కదా, డెబ్బై రెండేళ్ళది, ఆమె చేతుల్లో బలం చూస్తే నాకు సిగ్గేసింది. వాన గిన్నె, థర్మామీటర్ ఉన్న కర్ర నువ్వు చెప్పినట్టే ఈశాన్యం మూల వాగు పక్కన పాతాను. అంత పల్లంలో ఎందుకా అని మనసులో అనిపించింది గానీ, నీతో ఒక్క విషయంలోనైనా గొడవ లేకుండా ఉందామని పెట్టేశాను. వంటింట్లో ఉన్న డబ్బా మీద అంకెలు వస్తుంటే అన్నం మాడబెట్టాను. గాలి ఎనిమిది, పదకొండు, తొమ్మిది. ఇంటి మీద నుంచి పోతున్న గాలి నాకు లెక్క చెప్పి పోతోంది.

ఈరోజు పూజ చేశాను. కర్రకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. మొదటి నీళ్ళు మనవే పడాలని చిన్న చెంబుడు నీళ్ళు, కొబ్బరి నీళ్ళు కలిపి గిన్నెలో పోశాను. లోపల టిక్కుటిక్కుమని ఎంతసేపు కొట్టుకుందో. నోలీన్ తన గేటు దగ్గర నిలబడి అంతా చూసింది. కొత్త ట్రాక్టర్ కొన్నప్పుడు మేమిలాగే చేస్తామని చెబితే, తన ట్రాక్టర్‌కి ఎవరూ ఏమీ చేయలేదని, అందుకే ఇంత మొరాయిస్తోందేమోనని అంది.

నీ ఫోన్లో కనపడేట్టు లోకేశ్‌కి వివరాలు పంపాను. చూసి సంతోషించు.

నిరుపమ


24 మే 2025, మధ్యాహ్నం

నిరుపమా,

ఆశీస్సులు తర్వాత. ముందు నేను చెప్పేది చెయ్యి.

ఉదయం పదీ ఇరవైకి నీ దగ్గర ఒక్క నిమిషంలో నలభై రెండు మిల్లీమీటర్ల వాన పడింది. ఆరేళ్ళ సర్వీసులో అలాంటిది నేను చూడలేదు. ఫోన్ చేయబోతే మీ వదిన లాక్కుంది. టీవీలో టౌరంగా అంతా ఎండే చూపిస్తున్నారని, నన్ను ఊరికే ఉండమని అంటోంది. కొండల్లో వాన ఎలా పడుతుందో టీవీ వాళ్ళకేం తెలుసు. వాగు పొంగితే పల్లం వైపు పోకు. ఇంటి వెనక కాలువలో ఆకులు తీసెయ్యి. కారు పైకి పెట్టు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకు.

ఈ ఉత్తరం చేరేసరికి వాన తగ్గి ఉంటే సంతోషం. తగ్గిందని రాయి.

అన్న

తా.క. సాయంత్రమైంది. ఆ నిమిషం తప్ప ఇంకో చుక్క పడలేదు. పరికరం నాణ్యత మీద నాకు అనుమానంగా ఉంది. కొనమన్నది నేనే కాబట్టి ఎవరితోనూ అనడం లేదు.


4 జూలై 2025
పాపటోయిటోయి

చెల్లె నిరుపమకు,

వాన గిన్నెలో కొబ్బరి నీళ్ళు పోసిన మనిషివి నువ్వొక్కదానివే అయ్యుంటావు ఈ దేశంలో. కొట్లో అందరికీ చెప్పాను, వారం దాకా నవ్వారు. గిన్నె కడిగావా? చీమలు పడతాయి.

ఇక నవ్వే విషయం కాదు. జూన్ పద్దెనిమిదిన సున్నా కింద ఒక డిగ్రీ. ఇరవై ఏడున సున్నా కింద రెండు. నిన్న సున్నా కింద ఒకటిన్నర. మూడూ పొద్దున ఆరు, ఏడు మధ్యన. ఒక్కసారి దిగితేనే ఒప్పందం అయిపోయినట్టు, నేను మూడుసార్లు చూసి ఊరుకున్నాను. నా చేతిలో ఏముంది చెప్పు. ఆ మొక్కల్ని మీ వదిన పాత చీరలు కప్పి నాలుగు చలికాలాలు దాటించాను. ఇప్పుడు తీసుకొచ్చి మంచు గడ్డ మీద పెట్టలేను. విద్యాసాగర్ గారు మళ్ళీ అడిగారు. ఆగస్టులో ఇస్తానని చెప్పేస్తాను.

ఇంకో మాట. నీ వంటింట్లో ఉన్న డబ్బా గది లోపలి తేమ కూడా పంపుతుందని లోకేశ్ చూపించాడు. పొద్దున ఆరున్నరకి ఆ తేమ గీత కొంచెం లేస్తుంది, అది చాయ్. పదకొండుకి బాగా లేస్తుంది, అది కుక్కర్. జూన్ ఇరవై తొమ్మిది నుంచి మూడు రోజులు గీత అసలు లేవలేదు. అన్నం వండడం మానేశావా? ఒంట్లో బాగుందా? నేల సంగతి ఎలా ఉన్నా తిండి మానకు.

అన్న


12 జూలై 2025

అన్నా,

నీ ఉత్తరం పది తారీఖున వచ్చింది. రూరల్ డెలివరీ ఆయన గేటు దగ్గర వ్యాన్ ఆపి నా చేతికే ఇచ్చాడు. చదివి అక్కడే గట్టు మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది, దాచను. మొక్కలు పోయాయనే అనుకున్నాను.

నోలీన్ అటుగా వచ్చి ఏమైందంది. చెప్పాను. కర్ర ఎక్కడ పాతానో చూపించమంది. చూపిస్తే నడుం మీద చేతులు పెట్టుకుని వాగు వైపొకసారి, ఇంటి వైపొకసారి చూసింది. తర్వాత అడిగింది, ఆ మూలన నువ్వు పెంచేది కప్పల్నా అని. ఆ పల్లంలో తన దూడల తొట్టి చలికాలమంతా గడ్డ కడుతుందట, అందుకే తొట్టి పైకి మార్చిందట. గాలి లేని తెల్లవారుజామున చలి నీళ్ళలాగే వాలు వెంట కిందికి పారి, వాగు దగ్గర మడుగు కట్టినట్టు నిలిచిపోతుందట. మొక్కలు పెట్టేది ఎక్కడ అంది. వాలు మీద, ఇంటికి ముందు అన్నాను. అయితే అక్కడ కొలవకుండా ఇక్కడెందుకు కొలుస్తున్నావు అంది. నీళ్ళ పాత్ర ఈశాన్యంలో ఉండాలని మా అన్న చెప్పాడని చెప్పాను. ఆమెకి వాస్తు అంటే ఏమిటో చెప్పేసరికి చాయ్ రెండు కప్పులు అయిపోయాయి. మీ అన్న మర్యాదస్తుడిలా ఉన్నాడు గానీ చలికి ఆ మర్యాద తెలియదని అంది.

అన్నా, మనం కొలిచింది నా తోటని కాదు. ఎప్పటికీ ఒక్క మొక్క కూడా పెట్టని మూలని. ఈరోజు నోలీన్ వెనక సామాను వేసుకునే తన యూట్ బండిలో గడ్డపలుగు తెచ్చింది. ఇద్దరం కలిసి కర్ర పీకి వాలు మధ్యలో, ఇంటికి అరవై అడుగుల దూరంలో, చుట్టూ గడ్డి తప్ప ఏమీ లేని చోట పాతాం. ఈరోజు నుంచి వచ్చే అంకె నిజంగా నా మొక్కల అంకె.

విద్యాసాగర్ గారికి ఇంకా మాట ఇవ్వకు. ఆగస్టు దాకా ఆగు. నేను ఎప్పుడూ నిన్ను ఏదీ ఇంత గట్టిగా అడగలేదు.

ఆ మూడు రోజులు డబుల్ డ్యూటీలు, ఆసుపత్రి క్యాంటీన్లోనే తిన్నాను. కుక్కర్ విజిళ్ళు కూడా లెక్కపెడుతున్నావా?

నోలీన్ ఊళ్ళోకి పోతోంది, ఆమె చేతికే ఇచ్చి డబ్బాలో వేయిస్తాను. తొందరగా చేరుతుంది.

నిరుపమ


21 జూలై 2025

నిరుపమకు,

వారం రోజులు చూసి రాస్తున్నాను. జూలై పన్నెండు దాకా పొద్దున సున్నా, ఒకటి. పదమూడు నుంచి నాలుగు, ఐదు, నాలుగున్నర. ఒక్క రోజులో కొండ మీద ఋతువు మారదు. నువ్వు కర్రని ఇంటి గోడకి, వంటింటి వేడి గాలి బయటికి వచ్చే చోట పెట్టావని లోకేశ్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కానీ నా ఉత్తరం పదో తారీఖు ప్రాంతంలో చేరి ఉంటుంది, మూడో రోజుకే అంకెలు పెరిగాయి, నీ నుంచి ఒక్క ముక్క లేదు. ఇంకేం అనుకోవాలి?

మొక్కలు కావాలంటే అడగాలి, పోట్లాడాలి. కొలతలో అబద్ధం ఆడితే ఇక మాట్లాడటానికి ఏముంటుంది. నాకు చాలా బాధగా ఉంది.

మధుసూదన్


26 జూలై 2025

అన్నా,

ఎందుకు ఉత్తరం రాలేదో ముందు చెబుతాను. నీ ఉత్తరం పట్టుకుని నోలీన్ దగ్గరికి పోయాను. ఆమె ముఖం తెల్లబోయింది. ఇద్దరం ఆమె యూట్ అంతా వెతికితే, సీటు మీద కుక్క కోసం పరిచిన దుప్పటి కింద దొరికింది. కవరు మీద కుక్క వెంట్రుకలు అలాగే ఉంచి ఇందులోనే పెడుతున్నాను. తారీఖు చూసుకో. అందులో మొత్తం ఉంది.

అది చదివాక నీ కోపం పోతుంది. నా కోపం పోలేదు. నువ్వు నన్ను దొంగని చేశావు. నలభై ఏడేళ్ళుగా నన్ను ఎరిగినవాడివి, లోకేశ్ ఒక మాట అంటే, ఒప్పుకోలేదని రాసి, నాలుగు వాక్యాల తర్వాత ఒప్పేసుకున్నావు. పెద్దవాడివి కాబట్టి కోప్పడొచ్చు. ఇలా అనకూడదు.

నీకు సాక్ష్యం కావాలి కదా. మన స్టేషన్‌కి వేరే సెన్సార్ కలుపుకోవచ్చని గుర్తుందా? కొన్నాను. దాన్ని నీ ఈశాన్యం మూల పాత గుంటలోనే పెట్టాను. ఇప్పుడు నీ ఫోన్లో రెండు గీతలు వస్తాయి. కింది గీత వాగు దగ్గరిది, పై గీత వాలు మీదిది. రోజూ పొద్దున రెండూ చూసుకో. ఏది నా మొక్కల గీతో నువ్వే చెప్పు.

నిరుపమ


4 ఆగస్టు 2025

నిరుపమకు,

కవరు చేరింది. వెంట్రుకలు కూడా.

రెండు గీతలూ చూస్తున్నాను. నిన్న పొద్దున వాగు దగ్గర సున్నా పాయింట్ మూడు, వాలు మీద నాలుగు పాయింట్ ఒకటి. మొన్న కూడా అంతే తేడా. ఇది నేను సర్వీసులో ఉన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. మాకు వాన పని, చలి పని కాదు.

జూలై పదమూడు నుంచి ఆగస్టు ముప్పై ఒకటి దాకా పై గీతనే లెక్కలోకి తీసుకుంటాను. షరతు మాత్రం అదే, రెండు డిగ్రీలు. ఆల్బనీ ఆయనకి ఇంకా ఏమీ చెప్పలేదు.

మీ వదిన ఈ ఉత్తరం చదివి ఇంతేనా అంది. కవరు అంటిస్తున్నాను.

అన్న


13 ఆగస్టు 2025

అన్నా,

ఈ ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది.

శనివారం పెద్ద గాలి వచ్చింది. గంటకి డెబ్బై ఆరు కిలోమీటర్లు చూపించింది పంకా, నేను ఒక పక్క భయపడుతూనే ఇంకో పక్క చప్పట్లు కొట్టాను. రోడ్డు మలుపులో చెట్టు పడి ఇంటర్నెట్ తీగ తెగింది. మంగళవారం మధ్యాహ్నం దాకా బాగు కాలేదు. అందుకే నీ ఫోన్లో ఆ రోజుల గీత లేదు. నువ్వు కంగారు పడి ఉంటావని వదినకి మెసేజ్ పెట్టాను, చేరిందనుకుంటాను.

గాలి ఆదివారానికి పూర్తిగా ఆగిపోయింది. సోమవారం ఒక్క మబ్బు లేదు. పొద్దున లేచి చాయ్ పెట్టి డబ్బా చూశాను. ఇంటర్నెట్ లేకపోయినా డబ్బా తన లెక్క తాను దాచుకుంటుంది. ఆరూ యాభైకి, వాలు మీద, ఒకటి పాయింట్ ఆరు.

చెట్ల ఆకులన్నీ తడిసి మెరుస్తున్నాయి, నా గడ్డి మీద మంచు లేదు, కింద వాగు దగ్గర మాత్రం తెల్లగా ఉంది. ఎంత అందంగా ఉందో. నేను కప్పు పట్టుకుని ఆ అంకె ముందు నిలబడిపోయాను. నీ ఫోన్లో ఆ ఉదయం ఖాళీ. ఆ ఖాళీలో ఏముందో నాకొక్కదానికే తెలుసు. ఇంకా పద్దెనిమిది రోజులు నోరు మూసుకుంటే మొక్కలు నావి.

నోలీన్‌కి కూడా చెప్పలేదు. మంగళవారమంతా ఆసుపత్రిలో మందులు పంచుతూ అదే ఆలోచించాను. ఒక పెద్దాయనకి జ్వరం చూసి ట్యాబ్‌లో కొడుతుంటే అదే గుర్తొచ్చింది. ముప్పై ఎనిమిది ఉంటే ముప్పై ఏడని కొట్టను కదా ఎప్పుడూ.

నువ్వు నన్ను అనుమానించావన్న కోపం ఇంకా ఉంది. ఈ ఉత్తరం ఆ కోపంతోనే రాస్తున్నాను, నేనేమిటో నీకు తెలియాలని. ఒప్పందం ప్రకారం నేను ఓడిపోయాను. సున్నా పాయింట్ నాలుగు తేడాతో. విద్యాసాగర్ గారికి ఇచ్చెయ్యి. వాటికి మధ్యాహ్నం ఎండ ఎక్కువ కొట్టనీయొద్దని చెప్పు, కొత్త చోట మొదటి నెల ఆకులు రాలుస్తాయి, భయపడి నీళ్ళు ఎక్కువ పోస్తారు.

నేను నేల అమ్మను. ఇంకేదైనా పెంచుతాను. ఇక్కడ ఉండటం నాకు ఇష్టం, అన్నా. పొద్దున లేవగానే ఏ గాలి ఎంత వస్తోందో తెలిసిన చోట ఉండటం నాకు చాలా ఇష్టం.

నిరుపమ


18 ఆగస్టు 2025
పాపటోయిటోయి

అమ్మా నిరుపమా,

నీ ఉత్తరం కొట్లో చదివాను. లోకేశ్‌ని గల్లా దగ్గర కూర్చోబెట్టి ఇంటికి వచ్చి మీ వదినకి వినిపించాను. రెండో పేజీలో కాగితం ఆమె చేతికిచ్చేశాను. మిగతాది ఆమె చదువుకుంది.

నేనూ ఒక కొలత నీకు చెప్పలేదు. నువ్వు కోప్పడి రాసిన వారమే నేనూ ఒక చిన్న థర్మామీటర్ కొన్నాను. అంకె కిందికి ఎంత దాకా దిగిందో గుర్తు పెట్టుకునేది. మా పెరట్లో మొక్కల మధ్య కర్రకి వేలాడదీశాను. నీ పరికరం తప్పని రుజువు చేద్దామనే కొన్నాను, అబద్ధం ఎందుకు. నువ్వు రాసిన ఆ సోమవారమే, అదే పొద్దున, ఇక్కడ నా కరివేపాకు మధ్యలో సున్నా పాయింట్ ఎనిమిది. నీ వాలు కంటే నా పెరడే చల్లన. మీ వదిన చీరల కింద మొక్కలన్నీ బాగున్నాయి. అంచున ఉన్న నాలుగింటికి మాత్రం చిగుళ్ళు నల్లబడ్డాయి, చీర జారింది. అంటే అవి నాలుగు చలికాలాలుగా రెండు డిగ్రీల కింద బతుకుతూనే ఉన్నాయి, నాకు తెలియలేదు.

ఆ రెండు డిగ్రీలు ఎక్కడి నుంచి తెచ్చానని అడగలేదు నువ్వెప్పుడూ. ఎక్కడి నుంచీ తేలేదు. ఉగాది నాడు కోపంలో నోటికొచ్చిన అంకె. నువ్వు ఒక్కదానివి ఆ కొండ మీద ఉంటానంటే నాకు భయమేసింది. పడితే ఎవరు చూస్తారు, జ్వరమొస్తే ఎవరు చాయ్ ఇస్తారు. మొక్కలు ఇవ్వకపోతే ఏడాదిలో విసిగి నేల అమ్మేసి ఇటు వచ్చేస్తావనుకున్నాను. అది పైకి చెప్పలేక ఒప్పందమని పేరు పెట్టాను. నా అంకెకి భయపడకుండా, నన్ను మోసం చేయగలిగి కూడా చేయకుండా, నష్టం నీదే అయినా నిజం రాశావు. నీకంటే పదకొండేళ్ళు పెద్దవాణ్ని, ఆరేళ్ళు కొలతల ఉద్యోగం చేశాను. నిన్ను అబద్ధమాడావన్నాను. తప్పు నాది. క్షమించమని రాయడం నాకు ఇదే మొదటిసారి, మీ వదిన పక్కనే నిలబడి చూస్తోంది. "ఇంకా గట్టిగ రాయి. అది నీ చెల్లె, కోర్టు కాదు" అంటోంది.

విద్యాసాగర్ గారికి నిన్ననే ఫోన్ చేసి మొక్కలు లేవని చెప్పాను. విత్తనాలు ఇస్తానన్నాను, ఆయన సంతోషించారు.

అక్టోబర్ ఇరవై ఐదు శనివారం, లేబర్ వీకెండ్, మూడు రోజులు సెలవు. అప్పటికి మంచు పోతుంది. లోకేశ్ పెద్ద వ్యాన్ మాట్లాడాడు. రెండు వందల పన్నెండు మొక్కలు, మీ వదిన, నేను. నా పార నేనే తెచ్చుకుంటాను. గుంటలు నేను తవ్వుతాను. ఎంత లోతు, ఎంత ఎడం అన్నది నువ్వే రాసి పంపాలి, నీ నేల నీకే తెలుసు.

మీ అన్న
మధుసూదన్